భద్రం చూపించిన మూడో ఇల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండలు అందరివీ, నీడ అందరిదీ, బొరియలు మాత్రం కొందరివే.

మొదట్లో అలా ఉండేది కాదు పిల్లలూ. తవ్వినవారిదే బొరియ. అదొక్కటే చట్టం. గోళ్ళు అరగదీసుకుని తవ్వినవాళ్ళు అందులో ఉండేవాళ్ళు. వాళ్ళు వదిలేసి వెళ్తే, అవసరమున్నవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు.

తర్వాత భద్రం వచ్చాడు.

భద్రం ఒక తొండ. పుట్టి బుద్ధెరిగాక చారెడు మట్టి తవ్వింది లేదు. కానీ పొద్దున్నే ఒక ఎత్తైన బండ ఎక్కి కూర్చునేవాడు. ఏ బొరియ ఖాళీ అయిందో, ఎవరు చోటు వెతుక్కుంటున్నారో అక్కణ్ణుంచి చూసేవాడు. ఖాళీ బొరియ కనబడితే దాని గుమ్మంలో ఒక ఎండుటాకు పెట్టి, "ఇది మన చేతిలో ఉంది" అనేవాడు. కొన్నాళ్ళకి ఇల్లు కావాలంటే భద్రాన్నే అడగాలనే రివాజు వచ్చేసింది. ఆ రివాజు ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఎవరూ కాదనలేదు, అంతే. మౌనం కూడా ఒక సంతకమే.

భద్రానికి ఇంకో సంగతి కలిసొచ్చింది. తొండ కదా, ఊరికే తల ఊపుతూ ఉంటాడు. "ఇల్లు గట్టిదేనా?" అంటే ఊపుతాడు. "ఇరుగుపొరుగు మంచివాళ్ళేనా?" అంటే ఊపుతాడు. అది పుట్టుకతో వచ్చిన అలవాటు. కానీ ఇల్లు లేనివాళ్ళ కంటికి ఆ ఊపు మాట ఇచ్చినట్టే ఉంటుంది.

ఆ అడవిలోనే నూకాలు, సన్యాసి అని ఏదుపందుల జంట ఉండేది. మనుషులు రాళ్ళ కోసం కొండని పేల్చారు. ఆ దెబ్బకి వాళ్ళ బొరియ కూలిపోయింది. తాతల నాటి బొరియ. బయట ఉండబట్టి బతికారు.

అప్పటికి నూకాలు కడుపుతో ఉంది. వానలకి ఇంకా నెల రోజులే టైముంది. ఎండలకి నేల బండలా బిగిసిపోయింది. సన్యాసి రెండు రోజులు తవ్వితే గోళ్ళు విరిగాయి కానీ నేల విరగలేదు.

పొదల్లో పడుకుంటే నూకాలుకి నిద్ర పట్టేది కాదు. చీమలు గుడ్లు నోట కరుచుకుని చెట్లెక్కుతున్నాయి. వాటికి తెలిసిపోయింది, వానలు దగ్గరపడ్డాయని. "చీమకి కూడా పోవడానికి చోటుంది. నా పిల్లల్ని ఎక్కడ కనను?" అనుకునేది.

"ఎన్నాళ్ళని ఇలా? భద్రం గారి దగ్గరకి పోదాం పద" అన్నాడు సన్యాసి.

వాళ్ళని చూడగానే భద్రం బండ దిగి ఎదురొచ్చాడు.

"రా చెల్లెమ్మా, రా బావా! ఎండలో అలా నిలబడ్డారేం? నీడకి రండి. ఒట్టి మనిషి కూడా కాదాయె! నా సొంత చెల్లెలైతే ఇలా తిరగనిస్తానా? మూడు ఇళ్ళున్నాయి నా దగ్గర. రేపు మిట్టమధ్యాహ్నం చూపిస్తాను."

"సాయంత్రం చూపించకూడదా అన్నా? మధ్యాహ్నం ఎండకి మా కళ్ళు సరిగ్గా ఆనవు" అంది నూకాలు.

"పట్టపగలు చూపిస్తే నాలో దాపరికం లేదని నీకే తెలుస్తుంది తల్లీ" అని భద్రం తల ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం మొదటి ఇల్లు చూపించాడు. రెండు బండల సందులో ఉంది. లోపలికి వెళ్ళకుండానే నూకాలుకి ముక్కు పుటాలు అదిరాయి.

"ఇక్కడ చిరుత వాసన వస్తోంది."

"పైన బండ మీద పడుకుంటుందిలే. పెద్దవాళ్ళ పొరుగు, మంచి ఏరియా" అన్నాడు భద్రం.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు.

రెండో ఇల్లు ఒక మొద్దు కింద. ఎంత ఇరుగ్గా ఉందంటే, సన్యాసి దూరి ఇరుక్కుపోయాడు. నూకాలు అతని ముందుకాళ్ళు పట్టుకుని లాగితే గానీ బయటపడలేదు.

"కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఇలాంటిదే బావుంటుంది బావా, ఎడం ఉండదు" అని భద్రం నవ్వాడు.

మూడోది వాగు ఒడ్డున ఉంది. వాగులో అప్పుడు నీళ్ళు లేవు. తెల్లటి ఇసుక, గులకరాళ్ళు. ఒడ్డు వారన వెడల్పాటి గుమ్మం. మెత్తటి చల్లటి బంకమన్ను. అంత ఎండలోంచి వచ్చి ఆ చల్లదనం తగలగానే నూకాలుకి ఏడుపొచ్చినంత పనైంది.

"తూర్పు ముఖం చెల్లెమ్మా. గాలి చూడు. ఇక నీళ్ళంటావా, నీళ్ళకి నడిచే పనే లేదు. వానాకాలం గుమ్మం ముందుకే వస్తాయి!"

అది అబద్ధం కాదు. ఇల్లు చూపించేటప్పుడు భద్రం అబద్ధాలాడడు. నిజాన్ని సగానికి విరిచి, తీపి ముక్క మీకు పెడతాడు. రెండో ముక్క అరికాలి కింద దాచుకుంటాడు.

ఇప్పుడు ఏదుపందుల ఆచారం ఒకటి చెప్పాలి. అవి కొత్త చోటికి ఎప్పుడూ వెనక్కి నడిచి వెళ్తాయి. లోపల ఎవరు కాచుకుని ఉన్నారో ఏమో! అందుకని ముందు ముళ్ళు, తర్వాత ముఖం. శత్రువు ఉంటే ముళ్ళు చూసుకుంటాయి. తాతలు అలాగే చేశారు, తండ్రులు అలాగే చేశారు.

నూకాలు, సన్యాసి కూడా అలాగే వెనక్కి నడిచి లోపలికి వెళ్ళారు. వెళ్తున్నంతసేపూ వాళ్ళకి కనబడింది బయట ఉన్న ఆకాశం, గుమ్మంలో నిలబడి తల ఊపుతున్న భద్రం. వెనక గోడ వాళ్ళు చూడనే లేదు.

"నచ్చిందా చెల్లెమ్మా?"

"నచ్చింది. కానీ ఒక్క రోజు ఆలోచించుకుని..."

"ఆలోచించుకో తల్లీ, తప్పేముంది? కాకపోతే అవతల ఇంకో పార్టీ ఉంది. సాయంత్రం వస్తామన్నారు. టోకెన్ పడితే ఆపుతాను. ఓ గుప్పెడు ముళ్ళు ఇస్తే చాలు."

ముళ్ళకి ఆ అడవిలో మంచి గిరాకీ. గుమ్మం ముందు నాలుగు ఏదుముళ్ళు గుచ్చి ఉంటే ఏ నక్కా తొంగి చూడదు. సన్యాసి నడుము మీది ముళ్ళు పీకి ఇచ్చాడు.

మూడు రోజులకి భద్రం మళ్ళీ వచ్చాడు. "ఓనరు గారు ముందు కుదరదన్నారు. నేనే కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయనకి కొంచెం ఏదైనా..."

"ఓనరు ఎవరన్నా? ఒకసారి మాట్లాడొచ్చా?" అని అడిగింది నూకాలు.

"నా మీద నమ్మకం లేదా చెల్లెమ్మా?" భద్రం గొంతు ఎంత నొచ్చుకుందంటే, నూకాలే సిగ్గుపడింది. ఈసారి సన్యాసి వీపు మీది ముళ్ళన్నీ పోయాయి.

ఇంకో వారానికి భద్రం పరుగున వచ్చాడు. ఆకాశంలో అప్పుడే మబ్బులు లేస్తున్నాయి. "ఆ రెండో పార్టీ ఎక్కువ ఇస్తామంటున్నారు. నేను మాత్రం మా చెల్లెలికే అన్నాను. ఇవాళ తేల్చేయాలి."

సన్యాసి దగ్గర ఇక ముళ్ళు లేవు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దూరంగా ఉరిమింది. నూకాలు కడుపులో పిల్లలు కదిలారు. ఆమె కళ్ళు మూసుకుని భద్రం వైపు వీపు తిప్పింది.

ఒక్కో ముల్లూ ఊడుతుంటే వీపు మీదికి గాలి తగిలింది. పుట్టిన రోజు తర్వాత ఆమె వీపుకి గాలి తగలడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఇంట్లో చేరడానికి వెళ్ళారు. నూకాలు గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి నడవబోయి ఆగింది. వీపు మీద ముళ్ళు లేవు. బోసి వీపుతో చీకట్లోకి ఎలా వెళ్తుంది? భయం వేసి ఇటు తిరిగింది. జీవితంలో మొదటిసారి ముఖం ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం కదా, కళ్ళు బాగా ఆనుతున్నాయి. వెనక గోడ మీద ఒక గీత కనబడింది. ఎవరో తడి బురదతో గీసినట్టు, గోడంతా చుట్టి ఉంది. ఆమె తల కంటే రెండు జానల ఎత్తులో.

మూలన పీత డొప్పలు కుప్పగా పడి ఉన్నాయి.

"మనకి ముందున్నవాళ్ళు పీతలు తినేవాళ్ళేమో" అన్నాడు సన్యాసి.

నూకాలు వంగి నేల గోకింది. మన్ను కింద మెత్తగా ఏదో తగిలింది. గోకితే ఒక బోదురుకప్ప ఒళ్ళు విరుచుకుంటూ కళ్ళు తెరిచింది.

"ఏంటమ్మా, వాగు వచ్చేసిందా?" అంది కప్ప.

"వాగు రావడమేమిటి? ఇది మా ఇల్లు."

"మీ ఇల్లా? ఇది వాగు పడక, వానాకాలం వాగు పడుకునే చోటు. నేను ఏటా ఇక్కడే ఎండాకాలం నిద్రపోతాను. నీళ్ళు నెత్తి మీదికి వస్తే లేస్తాను. ఆ గీత దాకా వస్తాయి. రాలేదుగా ఇంకా? అయితే కాస్త మన్ను కప్పి పోండి." కప్ప మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నూకాలు మళ్ళీ ఆ గీత వైపు చూసింది. తను ఇక్కడే కని ఉంటే? కళ్ళు తెరవని పిల్లలు, గుమ్మంలోకి వాగు... ఆ తర్వాత ఆలోచించలేకపోయింది.

తెల్లారగానే ఇద్దరూ భద్రం ఇంటికి వెళ్ళారు. అప్పటిదాకా ఆయన ఎక్కడ ఉంటాడో వాళ్ళు అడగనే లేదు. అడిగి ఉంటే అన్నీ తెలిసేవి. భద్రం ఇల్లు గట్టు మీద, అందరికంటే ఎత్తున ఉన్న చెదపుట్ట. చుట్టూ ముళ్ళ కంచె. పొడుగువి, పొట్టివి, ముసలివాళ్ళవి, పడుచువాళ్ళవి. ఎంతమంది వీపులో ఆ కంచె! ఓనరు గారికని ఇచ్చినవీ అందులోనే ఉన్నాయి. చివర్లో తన ముళ్ళని నూకాలు గుర్తుపట్టింది.

"అది వాగు పడక అని నీకు తెలుసా?" అని అడిగింది.

భద్రం తల ఊపాడు. ఊపాక నాలుక కరుచుకున్నాడు.

"నీళ్ళు వస్తాయని చెప్పాగా చెల్లెమ్మా! నువ్వే సంతోషపడ్డావు."

"మా ముళ్ళు మాకివ్వు. అవి గుమ్మంలో గుచ్చుకోకపోతే ఈవిడ కాన్పు వేళకి కాపలా ఎవరు?" అన్నాడు సన్యాసి.

భద్రం గొంతు తగ్గించాడు. "బావా, ఇచ్చింది వెనక్కి రాదు. కానీ ఒక దారి ఉంది. నేను చెప్పిన రెండో పార్టీ నిజంగానే ఉంది. అసిరి అని అలుగు, ఒళ్ళంతా పొలుసులు. పిల్లతల్లి, మొగుడు లేడు. తన వాటా చీమల గూళ్ళన్నీ ఇస్తానంటోంది. కానీ నన్ను నమ్మదట! అందులో ఉంటున్నవాళ్ళు మంచిదంటేనే తీసుకుంటుందట. చెల్లెలు ఒక్క మాట చెబితే చాలు. ఇల్లు బావుంది, మాకు పెద్దదైంది, అందుకే వదిలేస్తున్నాం అని. ఆ మాట అయిన మరుక్షణం మీ ముళ్ళు మీవి."

చూశారా పిల్లలూ! మోసపోయినవాణ్ణే మోసానికి కాపలా పెట్టడం. అతని దగ్గర పని చేసే నౌకర్లెవరూ లేరు. ఎందుకు? మన భయమే అతని నౌకరు.

దారిలో సన్యాసి మెల్లగా అన్నాడు. "ఒక్క మాటే కదే."

"ఆమె మునిగిపోతే?"

"అలుగుకి గోళ్ళున్నాయి, ఎలాగో బయటపడుతుంది. నీ వీపు చూసుకో ఒకసారి. నిన్న వాగు ఇసుకలో దుమ్ములగొండి అడుగులు చూశాను. నీకు చెప్పలేదు."

ముళ్ళు లేని ఏదుపంది దుమ్ములగొండికి ఒక ముద్ద మాంసం. ఇద్దరూ వాగు ఒడ్డుకి చేరారు.

మధ్యాహ్నానికి భద్రం అసిరిని అక్కడికే తీసుకొచ్చాడు. అసిరి తోక మీద ఆమె పిల్ల పడుకుని ఉంది, తల్లి నడుస్తుంటే ఊగుతూ.

"నీ మాట మీదే వచ్చానక్కా," అంది అసిరి, "ఈ తలూపుడాయన మాట మీద కాదు. చెప్పు, ఇల్లు బావుంటుందా?"

సన్యాసి నేల చూస్తున్నాడు. భద్రం ఆమె తరఫున ముందే తల ఊపుతున్నాడు. పైన మబ్బు ఇంకాస్త నల్లబడింది. వీపు మీద గాలి చల్లగా పాకింది. ఒక్క మాట. ఒక్క మాట చెబితే ముళ్ళు వెనక్కొస్తాయి, గుమ్మంలో గుచ్చుకోవచ్చు.

తోక మీది పిల్ల కళ్ళు విప్పి నూకాలుని చూసి ఆవులించింది.

"నన్నడక్కు. లోపలికి వెళ్ళు. ముఖం ముందు పెట్టి వెళ్ళు. గోడలు చూడు, నేల గోకి చూడు. మేం వీపుతో వెళ్ళాం, అందుకే మోసపోయాం" అంది నూకాలు.

"చెల్లెమ్మా!" అని భద్రం అరిచాడు.

అసిరి అప్పటికే లోపలికి దూరింది. లోపల కప్ప విసుక్కోవడం అందరికీ వినబడింది. "మళ్ళీ ఎవరమ్మా? మన్ను కప్పి పొమ్మన్నానా లేదా!"

అసిరి నోట్లో పీత డొప్పతో బయటికి వచ్చింది. దాన్ని భద్రం ముందు ఉమ్మింది. "నువ్వు దొంగవి!"

భద్రం తల ఊపాడు. అలవాటు కదా!

తర్వాత నూకాలు వైపు తిరిగాడు. ఈసారి గొంతులో చెల్లెలు లేదు. "నీ ముళ్ళు మర్చిపో. ఆ బోసి వీపుతో వానాకాలం ఎలా గడుపుతావో బండ మీంచి చూస్తాను." గబగబా గట్టెక్కి పోయాడు.

"నీతులు చెప్పావు, బావుంది. ఇప్పుడు ఎక్కడికి పోదాం?" అన్నాడు సన్యాసి.

అసిరే మాట్లాడింది.

"నీకేం పోయిందో నీ వీపు చూస్తే తెలుస్తోందక్కా. నేను ఇంట్లో చేరి ఉంటే నీ ముళ్ళు నీకొచ్చేవి, కదూ?"

నూకాలు తల వంచుకుంది.

"లే. ఆ గట్టు పైన మద్దిచెట్టు కింద తవ్వుదాం. నా గోళ్ళకి బండ కూడా లెక్కలేదు. ఒక్కదాన్నే అయితే మట్టి ఎత్తిపోయలేక ఇంటి కోసం తిరిగాను. మీరిద్దరూ మట్టి లాగండి. నీ నోరు నా పిల్లని కాపాడింది. నా గోళ్ళు నీ పిల్లల్ని కాపాడతాయి."

తవ్వడం మొదలుపెట్టారు. అసిరి గోళ్ళ కింద నేల పెచ్చులు పెచ్చులుగా లేచింది. సన్యాసి, నూకాలు ఆ మట్టిని కాళ్ళతో వెనక్కి తోశారు. ఒక రోజు. రెండు రోజులు. ఆ పక్క బండ మీంచి భద్రం చూస్తూనే ఉన్నాడు. "గట్టు మీద తవ్వాలంటే నా ఎండుటాకు ఉండాలి!" అని అరిచాడు. "తవ్వినవారిదే బొరియ!" అని అసిరి తల ఎత్తకుండానే అరిచింది. ఆ మాట విని చాలా ఏళ్ళైంది అడవి.

మూడో రోజు పొద్దు వాలుతుండగా మొదటి చినుకు పడింది. బొరియ ఇంకా సగమే అయింది. అప్పుడే పొదలు కదిలాయి. కుళ్ళు వాసన వచ్చింది.

దుమ్ములగొండి!

"లోపలికి!" అంది అసిరి. నూకాలు, సన్యాసి ఆ సగం బొరియలో గోడకి అతుక్కుపోయారు. నూకాలు అలవాటు కొద్దీ వీపు గుమ్మం వైపు తిప్పబోయి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

అసిరి తన పిల్లని పొట్ట కిందికి లాక్కుంది. గుమ్మంలో గుండ్రంగా చుట్టుకుపోయింది. గుమ్మానికి పొలుసుల తలుపు పడినట్టయింది.

దుమ్ములగొండి మూతి పెట్టి చూసింది. పంజాతో తోసింది. కొరికింది. కటకటమని పన్ను పొలుసు మీద జారిన చప్పుడు నూకాలు ఎముకల్లోకి దిగింది. ఇంకోసారి కొరికింది. మూడోసారి పన్ను విరిగినట్టుంది, కుయ్యోమని మూలిగి వానలోకి పోయింది.

తర్వాత పొలుసుల మధ్యలోంచి అసిరి గొంతు వినబడింది. "పోయిందా అక్కా?"

"పోయింది" అంది నూకాలు. అప్పుడు ఏడ్చింది.

వాన ఆగకుండా కురిసింది. వాగు పొంగింది. ఒడ్డున ఉన్న ఆ మూడో ఇంటి గుమ్మంలోకి, గదిలోకి, గీత దాకా, గీత దాటి పోయింది. ఎర్రటి నీళ్ళలో బోదురుకప్ప గొంతెత్తి పాడింది. ఆ పాట వింటూ మద్దిచెట్టు కింద నూకాలు ఇద్దరు పిల్లల్ని కన్నది.

వానలు వెనకబట్టేసరికి ఆమె వీపు మీద మళ్ళీ ముళ్ళు మొలిచాయి. వాటిలో అన్నిటికంటే పొడుగైన ముల్లు పీకి, వాగు ఒడ్డుకి వెళ్ళింది. నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో అక్కడ, మూడో ఇంటి గుమ్మానికి పైన, ఒడ్డులో గుచ్చింది.

"మళ్ళీ ముల్లు ఇస్తున్నావా? అదీ వాడి ఇంటికా?" అన్నాడు సన్యాసి.

"ఇవ్వడం కాదు, చెప్పడం. చూసేవాళ్ళకి తెలియాలి, నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని."

ఎండాకాలం వచ్చింది. భద్రం ఒక ముంగిసల జంటని వాగు ఒడ్డుకి తీసుకొచ్చాడు. "తూర్పు ముఖం చెల్లెమ్మా. గాలి చూడు" అన్నాడు.

"పైన ఆ ముల్లేమిటి?" అని అడిగింది ఆడ ముంగిస.

భద్రం తల ఊపాడు. కానీ ఊపు జవాబు కాదు కదా! ముంగిసలు ఒకరినొకరు చూసుకుని, మద్దిచెట్టు కింద ఉండేవాళ్ళని కనుక్కుందామని గట్టు మీదికి నడిచాయి.

భద్రం కోపంతో ఒడ్డెక్కి ఆ ముల్లు పీకి పారేశాడు.

మర్నాడు వచ్చి చూస్తే అదే చోట నాలుగు ముళ్ళున్నాయి. రెండు పొడుగువి. రెండు పొట్టివి, పిల్లల వీపుల మీద ఈ ఏడే గట్టిపడ్డవి. వాటి పక్కనే ఒక అలుగు పొలుసు.

నీతి: ఇల్లు చూపించేవాడి తల ఊపు చూసి కాదు, ఆ ఇంటి గోడలు మన కళ్ళతో చూసి నమ్మాలి. మోసపోయినవాళ్ళు నోరు విప్పితేనే, ఆ మోసం ఇంకో గుమ్మం తొక్కకుండా ఆగుతుంది.